గడప ముందు రెండు గజాలు

అక్కా,

భూపాలపల్లిలో మా ఇంటి ముందు లాన్ వేశామని చెప్పాను కదా. పొద్దున్నే నీళ్లు పట్టేదీ, పెరిగిన గడ్డిని కత్తెరతో సమం చేసేదీ నేనే. కానీ పది రోజులుగా గడప ముందు గడ్డి గుప్పెడు గుప్పెడు మాయమవుతోంది.

"నీతోని గాదు, తోటమాలిని పెడ్త" అంటున్నారు మీ మరిది. ఈ పని కూడా పోతే నేను ఇంట్లోంచి బయటికి వచ్చే సాకే ఉండదు.

మొదట పక్కింటి సుగుణమ్మ మేకను అనుమానించాను. మేక అయితే కొసలు కొరుకుతుంది, ఇక్కడ వేళ్లతో సహా పోతోంది. నిన్న పొద్దున చూస్తే, మా అత్తమ్మ కూర్చుని గడ్డి పీకుతోంది.

"ఏందత్తమ్మా గిది?" అన్నాను.

"వాకిట్ల గడ్డి మొలిస్తే మనుషులు లేని ఇల్లనుకుంటరు. గా మాత్రం ఎరుకలేదా బిడ్డా?" అంది.

నిజంగా అంతేనా, లేక నన్ను చేతకానిదాన్ని చేయాలనా? మీ మరిదితో చెబితే తల్లి మాటే నమ్ముతారు. అందుకే ఈ రోజు గడప ముందు రెండు గజాల గడ్డి నేనే తీసేసి, పేడనీళ్లతో అలుకు చల్లి, "గిది నీ వాకిలి అత్తమ్మా, ముగ్గేసుకో" అన్నాను. మిగిలిన గడ్డి జోలికి పోకపోతే ఆమె మాట నమ్ముతాను.

ఇప్పుడే చీపురు పట్టుకుని బయటికి వచ్చింది. ఎటువైపు వంగుతుందో చూశాకే ఈ ఉత్తరం మడుస్తాను.

నీ చెల్లెలు