నాలుకకి కట్టిన దారం

మార్చి 3

సిగ్నల్ దగ్గర పచ్చలైటు పడింది. నేను బస్సు కదపలేదు. వెనక హారన్లు మోగుతున్నాయట, నాకు మాత్రం హాయిగా ఉంది. కండక్టర్ వచ్చి భుజం తట్టి, బాబాయ్, పడుకుంటే పడుకున్నావు, హ్యాండ్ బ్రేకన్నా వేసి పడుకోవచ్చు కదా అన్నాడు. ప్యాసింజర్లు నవ్వారు. డిపో మేనేజర్ నవ్వలేదు. బస్సుల్లో జనం మర్చిపోయిన సామాన్ల గదిలో కూర్చోబెట్టాడు. జూన్ ఆఖరులోగా ఫిట్ సర్టిఫికెట్ తెస్తే స్టీరింగు. తేలేకపోతే రిటైరయ్యేదాకా ఈ గదే.

మార్చి 11

గొడుగులు అరవై రెండు. కట్టుడు పళ్ళ సెట్టు ఒకటి. ఆయన ఇంటికెళ్ళి ఏం తిన్నాడో పాపం.

మార్చి 19

ఆసుపత్రిలో ఒళ్ళంతా వైర్లు అంటించి నిద్రపొమ్మన్నారు. గంటకి నలభై ఒక్కసార్లు ఊపిరి ఆగుతోందట. పడుకోగానే నాలుక వెనక్కి జారి గొంతుకి అడ్డం పడుతోందని డాక్టరమ్మ చెప్పింది. పగలంతా మాకు అడ్డం పడుతుంది, రాత్రి ఆయనకే అడ్డం పడుతోందన్నమాట అంది మా ఆవిడ. డాక్టరమ్మ నవ్వు దాచుకోవడానికి చేతిలో ఉన్న పెన్ను టేబుల్ మీద వెతికింది.

ఏప్రిల్ 10

రాత్రంతా ముక్కులోకి గాలి కొట్టే మాస్కు మెషిన్ ఇచ్చారు, నాకు పడలేదు. నిద్రలో నేనే పీకి పారేస్తున్నాను. తెల్లారి చూస్తే మంచం కింద అదొక్కటే ఊపిరి తీసుకుంటూ ఉంటుంది.

ఏప్రిల్ 30

ఆపరేషన్ ఖాయమైంది. గడ్డం ఎముకకి లోపలివైపు చిన్న స్క్రూ, దానికో దారం. ఆ దారం నాలుక మొదలుని పట్టుకుని వెనక్కి జారనివ్వదు. గుంజకి దూడని కట్టినట్టు. అందరికీ పని చేస్తుందని చెప్పలేనండీ, చాలకపోతే తర్వాత ఇంకాస్త బిగిస్తాం అంది డాక్టరమ్మ. మా ఆవిడ సంతకం పెట్టేముందు కాయితం రెండువైపులా చదివింది. మాట పోతుందా అని అడిగింది. పోదన్నారు. అయ్యో, పోదా అంటుందనుకున్నాను. అనలేదు. కాయితం మళ్ళీ మొదట్నించీ చదివి అప్పుడు సంతకం పెట్టింది.

మే 14

అయింది. ఐస్ ముక్కలు, చల్లటి పాలు. నోట్లో ఎవరిదో నాలుక పెట్టి కుట్టినట్టుంది.

జూన్ 2

గురక పూర్తిగా పోయింది. నిద్రమత్తు మాత్రం పోలేదు. మధ్యాహ్నం గొడుగుల మీద తలవాల్చి పడుకున్నాను.

జూన్ 12

డాక్టరమ్మకి అంతు చిక్కడం లేదు. దారం బిగించాలేమో, బుధవారం రమ్మంది. మళ్ళీ మత్తు, మళ్ళీ ఐస్ ముక్కలు. గడువు ఇంకా పద్దెనిమిది రోజులే.

జూన్ 14

నిన్న కుండపోత. రోడ్లన్నీ మునిగాయి. డిపో రెస్ట్‌రూములోనే పడుకున్నాను. పొద్దున పక్క మంచం మీంచి కండక్టర్, ఏం నిద్ర బాబాయ్ అది, రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశా అన్నాడు. పగలంతా ఒక్క కునుకు కూడా రాలేదు. ఇంట్లో పట్టని నిద్ర ఇక్కడెలా పట్టింది?

జూన్ 15, రాత్రి రెండు

తెలిసింది.

పడుకున్నట్టు నటించాను. పావుగంట కాగానే పక్కటెముకల్లో మోచెయ్యి దిగింది. కదల్లేదు. మళ్ళీ దిగింది. తర్వాత భుజం పట్టుకుని కుదిపింది. లేచి లైటు వేసి, ఏం చేస్తున్నావే అన్నాను.

మా ఆవిడ ఏడ్చింది. పదకొండేళ్ళుగా గురక ఆగితే ఊపిరి ఆగినట్టేనట. ఆగినప్పుడల్లా పొడిచేదట. నేను కాస్త కదిలి మళ్ళీ గురక అందుకుంటే తను కళ్ళు మూసుకునేదట. ఇప్పుడు గురకే లేదు, మీరు ఉన్నారో లేదో నాకెలా తెలుస్తుందండీ అంది. అందుకని తెల్లవార్లూ పొడుస్తూనే ఉంది. నా నిద్ర పాడుచేస్తున్నది తనేనని ఆవిడకి తట్టనేలేదు.

నలభై ఒక్కసార్లు అని నాకు లెక్క చెప్పారు. పక్కనున్న మనిషి ఎన్నిసార్లు లేచిందో ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు.

ఏదో ఒక జోకు వేద్దామనుకున్నాను. నాలుక కదల్లేదు. దారం తప్పు కాదు.

జూన్ 17

ఇద్దరం వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాం. డాక్టరమ్మ దారం బిగించే ఆలోచన మానుకుంది. అమ్మా, మోచెయ్యి మానేసి ఆయన గుండె మీద అరచెయ్యి వేసి పడుకోండి, అది లేస్తూ దిగుతూ ఉంటే ఆయనకి ఢోకా లేనట్టే అంది. మా ఆవిడ అక్కడే, కుర్చీలోనే, నా గుండె మీద చెయ్యి వేసి చూసుకుంది. నర్సు తల తిప్పుకుంది.

జూన్ 26

మళ్ళీ వైర్లు. గంటకి తొమ్మిది. సర్టిఫికెట్ మేనేజర్ టేబుల్ మీద పెట్టాను. రెండుసార్లు చదివి, ఒకటో తారీఖు ఫస్ట్ ట్రిప్ మీదే, ఐదుంపావుకి తియ్యాలి అన్నాడు. గది తాళంచెవి ఇచ్చేశాను.

మా ఆవిడ ఇంకా నిద్రపోవడం లేదు. చెయ్యి వేసి చీకట్లో కళ్ళు తెరుచుకునే ఉంటోంది.

జులై 1, తెల్లవారుజాము 4:05

అలారం మోగకముందే ఆపాను. గుండె మీద ఆవిడ చెయ్యి ఉంది. నిద్రపోతోంది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆవిడ నిద్రపోతుండగా చూడటం నాకిదే మొదలు.

పడుకునే రాస్తున్నాను. ఇంకో పది నిమిషాలు ఆగొచ్చు. ఆవిడ చేతికి తెలిసేలా ఊపిరి తీస్తున్నాను.