రేవులో అడిగిన పేరు

దక్షిణాఫ్రికా, నెటాలు రేవు నుంచి, 1903.

కోరంగిలో ఉన్న అమ్మిరాజు బావగారికి,

ఈ ఉత్తరం కంటే ముందే మీ చెల్లెలు లోవమ్మ ఇల్లు చేరుతుంది. దాన్ని కోప్పడకండి. నిన్న కళ్ళారా చూసింది నాకే ఇంకా నమ్మకం కుదరడం లేదండి.

మనవాళ్ళు ఎక్కువైపోయారని ఇక్కడి దొరలు సభలు పెట్టి గోల చేస్తే, సర్కారు చట్టం తెచ్చింది. ఇక్కడున్నవాడి భార్యనని రుజువు చేసుకుంటేనే ఓడ దిగనిస్తారు. లోవమ్మని దించుకోడానికి రేవుకెళ్ళిన నన్ను కంచె ఇవతలే ఆపేశారు. అవతల దుబాసీ దాన్ని, “నీ మొగుడి పేరేంటమ్మా?” అని మూడుసార్లు అడిగాడు. మన ఆడవాళ్ళు మొగుడి పేరు పలుకుతారా? అది తల వంచుకుని నా వైపు వేలు చూపించింది. వేలు చూపిస్తే చాలదన్నాడు దొర. భార్య కాదని రాసేసుకున్నాడు. “నా భార్యేనండీ!” అని గొంతు చించుకుని అరిచాను. ఎవరూ వినిపించుకోలేదు. వచ్చిన ఓడలోనే తిరిగి ఎక్కించేశారు.

మళ్ళీ పంపే ముందు నా పేరు చెప్పడం అత్తగారి చేత నేర్పించండి అని రాయబోయాను. అక్కర్లేదు బావగారూ. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో మొదటిసారి, ఓడ కదిలాక, రేవంతా వినబడేలా నన్ను పేరు పెట్టి పిలిచింది.