చెవి అందిన చెయ్యి

వజ్రకరూరు,
18-5-1983.

చిరంజీవి తమ్ముడు జయరాముడికి,

అక్క ఆంజినమ్మ దీవించి రాయునది. ఇక్కడ అందరమూ బాగున్నాము, వాన ఒక్కటే రాలేదు. విత్తనం శెనక్కాయ బుడ్డలు ఒలిచి పెట్టుకుని మొగులు వైపు చూస్తున్నాము.

నా కొడుకును సెలవులకు కూడా పంపలేదేమని మీ బావ రోజూ అడుగుతున్నాడు. హనుమంతుకు పరుగు ప్రాక్టీసు ఉందని నువ్వు కార్డు రాసినావు. ఎందుకో ఇప్పుడు తెలిసింది. వచ్చే సోమవారం అనంతపురంలో మిలిటరీ సెలక్షనుకు నీ బడి పిల్లలతో వాణ్నీ తీసుకుపోతున్నావంట. నాకొక మాటైనా చెప్పలేదు. కోపం వచ్చింది తమ్ముడూ, చాలా వచ్చింది.

నువ్వు డ్రిల్లు మాస్టరువు. నీ పిల్లలు కొయ్య తుపాకులు భుజాన పెట్టుకుని నడుస్తుంటే పోయిన పంద్రాగస్టుకు నేనూ చూసి మురిసినాను. కానీ ప్రార్థన దగ్గర, మిలిటరీకి ఎవరు పోతారో చేతులెత్తమని అడిగి, ఎత్తనివాళ్లను ఎండలో నిలబెట్టినావంట. ఏమప్పా, మీరు మగోళ్లు కాదా అన్నావంట. అట్లా ఎత్తిన చెయ్యి ఇష్టంతో ఎత్తిందేనా? పైగా హనుమంతు నీ ఇంట్లో అన్నం తింటున్నాడు. మేనమామ మాట కాదని ఎట్లా అంటాడు?

మిలిటరీ చెడ్డదని నేననను. పెద్దవాడై, తెలిసి పోతానంటే నేనే బొట్టు పెట్టి బస్సెక్కిస్తాను. వాడికింకా పదిహేనేళ్లు. బడి రికార్డులో పదిహేడు దాటి ఉంటే, అది ఎట్లా వచ్చిందో నీకు తెలియదా? ఆ కరువు ఏడాది మన ఊరి బడికి నువ్వే అయ్యవారివి. బడిలో గోధుమరవ్వ ఉప్మా పెడతారని వాణ్ని చంకనేసుకుని వచ్చినాను. నెత్తిమీదుగా చెయ్యి చాపి అవతలి చెవి పట్టుకుంటే అయిదేళ్లు నిండినట్టు గదా మీకు. తిండి లేక చిక్కిపోయి వాడికి చేతులే మిగిలినాయి. చెవి అందింది. సరేలే అక్కా, అయిదేళ్లే అనుకుందాం అని నవ్వుతూ నువ్వే రాసుకున్నావు. ఉప్మా కోసం వేసిన వయసది. తుపాకీ కోసం కాదు.

నీ ఇంట్లో తిండి ఉండింది గనక నీ ఓబుళేసును నిజంగా అయిదేళ్లు నిండినాకే బడిలో వేసినావు. ఇద్దరూ ఒకే వారంలో పుట్టినారు. మరదలికి పాలు పడకపోతే ఇద్దరికీ నేనే పాలిచ్చినాను. నీ కొడుకేమో ఇంకా బడి పిల్లోడు, నా కొడుకు సిపాయా? వాణ్ని లైనులో నిలబెట్టకు. ఇంటికి పంపు.

ఇట్లు,
నీ అక్క
ఆంజినమ్మ.

తా.క. అక్షరాలు చూసి పోల్చుకునే ఉంటావు. నేను చెప్తుంటే ఇదంతా రాసింది నీ ఓబుళేసే. సెలక్షను సంగతి మోసుకొచ్చిందీ వాడే. ఎండలో నిలబెట్టిన మాట దగ్గర కలం ఆపినాడు. ఆ పొద్దు తానూ చెయ్యెత్తలేదంట. తనను మాత్రం సుద్దముక్కలు తెమ్మని నువ్వు లోపలికి పంపినావంట. సోమవారం హనుమంతు వెనకాల తానూ లైనులో నిలబడతానంటున్నాడు. వయసు చాలదని ఆఫీసరు తనను పొమ్మంటే, మేమిద్దరం ఒకే వారంలో పుట్టినాం సార్, కావాలంటే ఆడుండే మా నాయన్ను అడగండి అని చెప్తాడంట. నేను వద్దనలేదు.