రేపల్లె కాటా మీద మన కారు

అన్నయ్యా,

నువ్వు పోయి నేటికి ఏడాది. పొద్దున చర్చిలో నీ జ్ఞాపకార్థ ప్రార్థన అయ్యాక, అమ్మను ఇంటికి పంపించి మన కారును రేపల్లె తీసుకెళ్లాను.

షోలవరం కార్ల పందేల కోసం నువ్వు బాగు చేస్తూ సగంలో వదిలేసిన స్పోర్ట్సు కారే. కామెర్లతో మంచాన పడ్డాక కూడా "బరువు తగ్గించవే, వేగం దానంతటదే వస్తుంది" అనేవాడివి. అందుకే ఈ ఏడాదంతా తెనాలి షెడ్డులో దాన్ని తేలిక చేశాను. తలుపుల లోపలి అట్టలు తీశాను. కిటికీలకు అద్దాల బదులు ప్లాస్టిక్ షీట్లు బిగించాను. నువ్వు కూర్చునే ఎడమ సీటు కూడా పీకేశాను.

రైసు మిల్లులో లారీలు తూచే కాటా మీద కారు ఆపి, దిగి పక్కన నిలబడ్డాను. కాటా చూసే పెద్దాయన ముల్లు వంక చూసి తల అడ్డంగా ఊపాడు.

"ఖాళీ బండి తూచాలన్నావు కదమ్మా. ఆయన్ని కూడా దిగమను."

"ఎవర్ని బాబాయ్?"

"ఎడం పక్క కూర్చున్నాయన్ని."

వంగి చూశాను. అక్కడ ఉత్త రేకు తప్ప ఏమీ లేదు. ముల్లు మాత్రం నేను అనుకున్నదానికన్నా ఒక మనిషంత ఎక్కువ చూపిస్తోంది. ఎడమ తలుపు పిడి పట్టుకున్నాను కానీ, తెరిస్తే నిజంగానే దిగిపోతావేమోనని తెరవలేదు.

"ఇలాగే ఉండనీ బాబాయ్" అని కారెక్కాను.

ఆదివారం షోలవరంలో నేనే నడుపుతున్నాను. ఈ బరువుతో మనం అందరికన్నా చివర వస్తామేమో. ఫరవాలేదు, దిగకు.

నీ చెల్లి