రఘూ, ఖాళీ!

రఘూ,

నువ్వు పోయాక, మనం సిపాయి వేషాలు వేసే ఆ పాతకాలపు యుద్ధ ప్రదర్శనకి మళ్లీ వెళ్లింది ఈరోజే. మన వేషం బ్రిటిష్ లైట్ ఇన్‌ఫంట్రీ, అంటే చురుకైన కాల్బలం; అందులో జంటలుగానే పోరాడాలి కదా. ఒకడు కాల్చి, "ఖాళీ!" అని అరిచి తుపాకీలో మందు నింపుకుంటుంటే రెండోవాడు తుపాకీ ఎక్కుపెట్టి కాపు కాయాలి. జంట లేక రెండేళ్లు ఇంట్లోనే కూర్చున్నాను.

మొన్న మీ అమ్మాయి ఫోన్ చేసి, "అంకుల్, నేను వస్తా. నాన్న కోట్ ఉంది," అంది. ఈరోజు నీ ఎర్రకోటు వేసుకుని, పొడవైన చేతులు రెండు మడతలు పెట్టుకుంది. పార్సిప్పనీ నుంచి కారులో దారంతా నీలాగే వాగుతూనే ఉంది.

అడవి అంచున ముందు నేనే కాల్చాను. అలవాటుకొద్దీ "రఘూ, ఖాళీ!" అని అరిచేసి నాలిక కరుచుకున్నాను.

ఆ పిల్ల నావైపు తిరగనైనా లేదు. చెట్లకేసి గురిపెట్టి, "లోడ్ చేసుకోండి అంకుల్, నేనున్నా," అంది.

తీరిగ్గా మందు నింపుకున్నాను.