పార్క్ ఏడు మీద వచ్చిన కాల్ గురించి

పరిపాలన మేనేజరు గారికి,
కార్గో గోదాము, శంషాబాద్.

అయ్యా,

విషయం: టెలిఫోన్ ఆపరేటర్ శ్రీలతపై నేనిచ్చిన ఫిర్యాదును వెనక్కు తీసుకొనుట, ఆమెను తిరిగి డ్యూటీలోకి తీసుకొనవలసినదిగా కోరుట గురించి.

మామిడిపల్లి వాస్తవ్యుడను, తమ గోదాములో తొమ్మిదేళ్లుగా లోడింగ్ పని చేయుచున్న ఐలయ్యను, తమరికి తెలియజేసుకొనునది ఏమనగా:

1. లోపలికి వచ్చే ముందు మా సెల్‌ఫోన్లు గేటు దగ్గర జమ చేయవలెను. ఇంటివాళ్లు బోర్డు నంబరుకు చేసినచో ఆపరేటర్ ఆ కాల్‌ను ఒక నంబరు మీద ఆపి ఉంచి, అనగా పార్క్ చేసి, మైకులో మా పేరు, పార్క్ నంబరు పిలుచును. దగ్గరున్న ఏ ఫోన్‌లోనైనా ఆ నంబరు నొక్కి మాట్లాడవచ్చును. మూడు నిమిషాల్లో ఎవరూ ఎత్తనిచో కాల్ తిరిగి ఆపరేటర్ దగ్గరికే పోవును. ఇదంతా తమరికి తెలిసినదే, అయినా రాయక తప్పదు.

2. నా భార్య చంద్రమ్మ రోజూ ఒంటిగంటకు ఫోన్ చేసేది. నేను ఎత్తేవాణ్ని కాను. ఎత్తితే సూపర్‌వైజర్ కొండల్ గారు పని ఆపినానని రాసేవారు. "నువ్వు ఎత్తకు. నీ పేరు పిలిస్తే నేను మంచిగున్న అనుకో. నువ్వు డ్యూటీల ఉన్నవని ఆ ఆపరేటర్ పిల్ల చెప్తే నాకు చాలు" అని చంద్రమ్మే అన్నది. ఇట్లా ఏళ్లు గడిచినవి. ఆ మూడు నిమిషాలు ఫోన్‌లో వచ్చే సంగీతం కూడా ఆమెకు నచ్చినది. వంట చేస్తూ అదే కూనిరాగం తీసేది.

3. గత నెల పద్నాలుగో తారీఖున ఒంటిగంటకు పిలుపు రాలేదు. మూడింటికి వచ్చినది. "ఐలయ్య, పార్క్ ఏడు" అని శ్రీలత రెండుసార్లు పిలిచినది. నేను విన్నాను. ఒంటిగంటకు మరిచిపోయి ఇప్పుడు చేసిందిలే అనుకున్నాను. ఫోను నాకు నాలుగడుగుల దూరంలో ఉన్నది. ఆ రోజు కొండల్ గారు సెలవు. అయినా నేను పెట్టెలు ఎత్తుతూనే ఉన్నాను.

4. మూడు నిమిషాలకు కాల్ తిరిగి పోయినప్పుడు శ్రీలత హలో అన్నది, అవతలినుంచి మాట లేదు. ఆమె రాసిన రిపోర్టులో 'కాలర్ స్పందించలేదు' అని ఉన్నది. పక్కింటి తారాబాయి పోయి చూసేసరికి చంద్రమ్మ గడప దగ్గర పడి ఉన్నది, ఫోను చేతిలోనే ఉన్నది. గుండె ఆగిపోయిందని దవాఖానలో చెప్పినారు.

5. దినాల నాడు మా బావమరిది పదిమందిలో "అక్క ఫోన్ చేసిందట గద బావా, నువ్వేం చేస్తున్నవ్?" అని అడిగినాడు. నన్నెవరూ పిలవలేదన్నాను. ఆ అబద్ధం నిలబెట్టుకోవడానికే, శ్రీలత మైకులో నన్ను పిలవలేదని తమరికి ఫిర్యాదు రాసినాను. లోడింగ్ చప్పుడులో ఆ పిలుపు విన్నామని చెప్పేవారు ఎవరూ లేక, తమరు శ్రీలతను పనిలోనుంచి ఆపినారు. ఆమె గేటు దగ్గర నన్ను కలిసి, "అన్నా, నేను పిలిచిన గద" అన్నది. నేను తల వంచుకొని వచ్చేసినాను. అప్పటినుంచి అన్నం సయించడం లేదు.

కావున, మైకులో పిలుపు వచ్చిన మాట వాస్తవమని నమోదు చేసి, శిక్ష ఏదైనా నాకే వేసి, శ్రీలతను ఆమె కుర్చీలో మళ్లీ కూర్చోబెట్టవలెనని ప్రార్థన. ఈ కాగితం నకలు మా బావమరిదికి కూడా పంపుచున్నాను.

తమరు ఆలస్యం చేయక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
ఐలయ్య

తా.క.: ఇతరుల కాల్స్ ఎత్తుతున్నానని తమరిచ్చిన మెమో అందినది. నిజమే. ఏడు మీద ఎవరిని పిలిచినా ఉండలేక ఉరుకుతున్నాను. మొన్న కాటేదాన్ నుంచి ఎవరో ఒకావిడ, నన్ను తన భర్త అనుకొని, "తిన్నవా?" అని అడిగింది. ఆయన పనిలో ఉన్నాడని చెప్పవలసింది. తిన్నానని చెప్పాను.