తాళంచెవి తిప్పే తీరు

మంగళవారం, జనగామ

మామయ్య కొన్న నలభై ఏళ్ల నాటి కారుకు ఇవాళ కొత్త ఇగ్నిషన్ స్విచ్ వేయించాం. మెకానిక్ యాకూబ్ పాత స్విచ్ విప్పి, లోపల అరిగిపోయిన రాగి ముక్కలు చూపించాడు.

"తాళంచెవి జర ఇవతలికి గుంజి తిప్పితే గిది గూడ స్టార్ట్ అయితది అక్కా. ఇన్నేండ్లు ఎట్ల నడిపిండ్రు?"

"గట్లనే నడిపిన. గా గుంజుడు నా చేతికే ఎరుక," అని మా ఆయన నవ్వారు.

నాకు నవ్వు రాలేదు. ఆరేళ్ల కింద అత్తమ్మకు గుండెనొప్పి వచ్చిన పొద్దున ఈయన డోర్నకల్‌లో ఉన్నారు. ఆమెను వెనక సీట్లో పడుకోబెట్టి నేనే తాళంచెవి తిప్పాను. ఎన్నిసార్లు తిప్పినా కారు కదల్లేదు. ఆటో దొరికి దవాఖానకు చేరేసరికే ప్రాణం పోయింది.

ఇంటికొచ్చాక అడిగాను, ఆ గుంజే సంగతి నాకెందుకు చెప్పలేదని.

"చెప్పకేంది? నువ్వు కారు నేర్చుకున్నప్పుడే చెప్పిన. రాసుకున్నవ్ గూడ," అన్నారు.

నాకు గుర్తు లేదు. కానీ ఏది విన్నా రాసిపెట్టుకోవడం నా అలవాటే. కారు నేర్చుకున్న ఏటి డైరీ బీరువా పై అరలో ఉంది. సాయంత్రం నుంచి రెండుసార్లు కిందికి దించాను. రెండుసార్లూ తెరవకుండానే పెట్టేశాను.